నీటికి జమాఖర్చు రాసిన శాస్త్రవేత్త: సి.డబ్ల్యు. థారన్‌త్వైట్

తుంగభద్ర ఒడిలో ఉన్నప్పటికీ బళ్లారి సీమకు మెట్ట సీమ అనే పేరే స్థిరపడింది. పడమటి కనుమలను దాటి వచ్చే నైరుతి మేఘాలు తమ సంపదలో అధిక భాగాన్ని ఆవలి వాలుననే విడిచి, తేలికపడి ఇటు చేరుకుంటాయి. ఏడాది మొత్తం మీద ఈ నేలపై కురిసే వాన అర మీటరుకు కొంచెం అటూ ఇటూ మాత్రమే. అందులోనూ పెద్ద పాలు భాద్రపద, ఆశ్వయుజ మాసాల్లో కురిసేదే. ఆ రెండు మాసాలు మొహం చాటేస్తే ఏమవుతుందో 1876–78 నాటి ధాత కరువు ఈ ప్రాంతానికి మరపురాని విధంగా నేర్పింది. నాటి నుంచి నేటి వరకు ఇక్కడి రైతును వేధించే ప్రశ్న ఒకటే. కురిసిన వానలో నేలకు దక్కిందెంత, గాలిలో కలిసిందెంత, ఏటికి పోయిందెంత?

ఈ ప్రశ్నకు ఒక పద్ధతి ప్రకారం, ప్రపంచంలో ఏ మారుమూల ప్రాంతానికైనా వర్తించే విధంగా సమాధానం చెప్పడానికి జీవితాన్ని వెచ్చించిన శాస్త్రవేత్త చార్లెస్ వారెన్ థారన్‌త్వైట్. నేడు మహా గణన యంత్రాలు భూగోళంపై ఉన్న నేల మొత్తాన్ని చిన్న చిన్న గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలోని నీటిని లెక్క కడుతున్నాయి. ఆ లెక్కకు మొదటి వరుసలు రాసినవారిలో ఆయన అగ్రగణ్యులు. ఆయన ఉద్యోగ జీవితం ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయునిగా ప్రారంభమైందన్న విషయం విద్యాలయాలతో అనుబంధమున్న వారందరికీ సంతోషం కలిగించేదే.

థారన్‌త్వైట్ 1899 మార్చి 7న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, వ్యవసాయమే ఆధారంగా గల ప్రాంతంలో జన్మించారు. ఉపాధ్యాయ శిక్షణకు ఏర్పడిన సెంట్రల్ మిషిగన్ నార్మల్ స్కూలులో చదివి 1922లో పట్టం పొందారు. అనంతరం అదే రాష్ట్రంలోని ఒవాసో పట్టణంలో కొంతకాలం ఉన్నత పాఠశాల విద్యార్థులకు పాఠాలు చెప్పారు. భూగోళశాస్త్రం మీది మక్కువ ఆయనను అక్కడ నిలవనీయలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, బర్క్‌లీ నగరంలో, సుప్రసిద్ధ భూగోళ శాస్త్రజ్ఞుడు కార్ల్ సావర్ వద్ద పరిశోధన చేసి 1930లో డాక్టరేటు సాధించారు. ఆశ్చర్యమేమంటే ఆ పరిశోధనా వ్యాసం వాన గురించినది కాదు, లూయీవిల్ అనే నగరం గురించినది. వాతావరణంపై ఆయన దృష్టి పూర్తిగా నిలిచింది ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా ఉన్న సంవత్సరాల్లో, అంటే 1927–34 మధ్యకాలంలో.

అప్పటికి ప్రపంచ శీతోష్ణస్థితుల వర్గీకరణలో జర్మన్ శాస్త్రవేత్త కొప్పెన్ పద్ధతి రాజ్యమేలుతూ ఉండేది. ఉష్ణోగ్రత, వర్షపాతం ఆధారంగా, వృక్షజాతుల సరిహద్దులను అనుసరించి ఆయన ప్రపంచ పటాన్ని విభజించారు. ఆ పటాన్ని చూసిన థారన్‌త్వైట్‌కు ఒక సందేహం కలిగింది. వాన ఎంత కురిసిందో చెప్పినంత మాత్రాన ఒక ప్రదేశం తడిదో పొడిదో చెప్పగలమా? చల్లని దేశంలో యాభై సెంటీమీటర్ల వాన అడవిని పెంచుతుంది. మండే దేశంలో అదే వాన తుమ్మ పొదలను మాత్రమే బతికిస్తుంది. అందువల్ల వానను మాత్రమే కాక, ఆ వానలో మొక్కకు ఉపయోగపడే భాగమెంతో చూడాలని ఆయన భావించారు. ఈ అభిప్రాయంతో 1931లో ఉత్తర అమెరికా శీతోష్ణస్థితులకు, 1933లో భూమండల శీతోష్ణస్థితులకు కొత్త వర్గీకరణలను ప్రకటించారు. ఆ వ్యాసాలతో ఆయన పేరు శాస్త్రలోకానికి పరిచయమైంది. అయితే ఆ పద్ధతిలోని లోపాన్ని తొలుత గుర్తించినవారిలో ఆయన కూడా ఒకరు.

ఆ లోపాన్ని సరిదిద్దుకునే అవకాశం ఒక మహా విపత్తు రూపంలో వచ్చింది. 1930ల్లో అమెరికా మధ్య మైదానాలు ఎండిపోయాయి. దున్ని వదిలిన పొలాల మట్టి నల్లని మేఘమై లేచి నగరాలను కమ్మింది. రైతులు ఇల్లూ వాకిలీ వదిలి వలస వెళ్లారు. ఆ దేశ ప్రభుత్వం 1935లో నేలను కాపాడటానికి మృత్తికా పరిరక్షణ శాఖను నెలకొల్పింది. థారన్‌త్వైట్ అదే ఏడాది అందులో చేరి, శీతోష్ణస్థితి విభాగానికి అధిపతిగా 1946 వరకు పనిచేశారు. ఓక్లహోమాలోను, ఒహాయో రాష్ట్రంలోని మస్కింగమ్ నదీ లోయలోను వందలాది వర్షమాపకాలను దగ్గరదగ్గరగా నెలకొల్పి, ఒక్క గాలివాన ఒక లోయ మీదుగా ఎలా కదిలిపోతుందో పరిశీలింపజేశారు. ఒక ఊరిలో కుంభవృష్టి కురిసి, పక్క ఊరిలో చినుకు కూడా రాలని సంగతి బళ్లారి రైతుకు కొత్త కాదు. దానిని అంకెల్లో పట్టి చూపిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి.

అయితే వాన కొలవడం సులువు. ఖర్చును కొలవడమే కష్టం. నేల తడి ఆవిరిగా పోవడాన్ని బాష్పీభవనమని, మొక్క వేళ్లతో పీల్చిన నీరు ఆకుల ద్వారా గాలిలో కలవడాన్ని బాష్పోత్సేకమని అంటారు. ఈ రెండూ కంటికి కనిపించవు. వర్షమాపకం వంటి సులభమైన పరికరమేదీ దీనికి లేదు. థారన్‌త్వైట్ తన సహచరుడు హోల్జ్‌మన్‌తో కలిసి నేలకు రెండు వేర్వేరు ఎత్తుల్లో గాలి వేగాన్ని, గాలిలోని తేమను కొలిచి, పైకి పోతున్న ఆవిరిని లెక్కించే పద్ధతిని రూపొందించారు. అది శాస్త్రీయంగా ఉన్నతమైనది. కాని సున్నితమైన పరికరాలు, నిత్య పర్యవేక్షణ దానికి కావాలి. అటువంటి పరికరాలు అమెరికాలోనే అరుదు. ఆసియా, ఆఫ్రికా పల్లెల మాట చెప్పనక్కరలేదు.

ఇక్కడే ఆయన జీవితంలోని ముఖ్యమైన నిర్ణయం కనిపిస్తుంది. కచ్చితమైన కొలతతో కొద్దిచోట్ల ఆగిపోవడమా, కొంత ఉజ్జాయింపును అంగీకరించి ప్రపంచమంతటికీ పనికివచ్చే లెక్క చేయడమా? ఆయన రెండవ దారిని ఎంచుకున్నారు. నేలలో నీటికి ఏ లోటూ లేనప్పుడు, పచ్చని పైరు నిండా కప్పి ఉన్న నేల ఎంత నీటిని ఆవిరి చేయగలదో అది ఆ ప్రాంతపు నీటి గిరాకీ అని ఆయన నిర్వచించారు. ఆ గిరాకీని నెలసరి సగటు ఉష్ణోగ్రత నుంచి, ఆ అక్షాంశంలోని పగటి పొద్దు నిడివి నుంచి లెక్కకట్టే సూత్రాన్ని 1948లో ఒక సుప్రసిద్ధ భౌగోళిక పత్రికలో ప్రకటించారు. ఉష్ణమాపకం అప్పటికి ప్రపంచంలో వేలాది కేంద్రాల్లో ఉంది. పొద్దు నిడివి పంచాంగం చెప్పేదే. కనుక వాతావరణ కేంద్రం ఉన్న ప్రతి ఊరికి నీటి పద్దు రాయడం ఆ రోజు నుంచి సాధ్యమైంది.

ఆ పద్దు విధానం పల్లె కరణం లెక్కల పుస్తకమంత సరళమైనది. వాన జమ, గిరాకీ ఖర్చు, నేలలోని తడి నిల్వ. ఒక ఊహా ఉదాహరణ తీసుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. ఒక పొలంలోని నేల పది సెంటీమీటర్ల నీటిని దాచుకోగలదని, వేసవి ముగిసేసరికి అది పూర్తిగా ఎండి ఉందని అనుకుందాం. సెప్టెంబరులో 15 సెంటీమీటర్ల వాన కురిసి, గిరాకీ 12 అయితే మూడు సెంటీమీటర్లు నేలలో నిలుస్తాయి. అక్టోబరులో వాన 14, గిరాకీ 11 అయితే నిల్వ ఆరుకు చేరుతుంది. నవంబరులో వాన 4 మాత్రమే, గిరాకీ 9. తక్కువ పడిన ఐదింటిని నేల తన నిల్వ నుంచి ఇస్తుంది. ఒకటి మిగులుతుంది. డిసెంబరులో వాన లేదు, గిరాకీ 8. ఉన్న ఒక్క సెంటీమీటరూ పోగా ఏడు సెంటీమీటర్ల లోటు. పైరు వాడిపోవడం అక్కడ మొదలవుతుంది. నేల నిండిన తరువాత కూడా వాన మిగిలితే అది మిగులు. ఆ మిగులే వాగులకు, చెరువులకు, భూగర్భానికి చేరుతుంది. పై ఉదాహరణలో నేల ఒక్కసారి కూడా నిండలేదన్నది గమనించదగినది. మెట్ట సీమల పద్దు సాధారణంగా ఈ తీరుననే ఉంటుంది.

ఈ మిగులును, లోటును ఏడాది గిరాకీతో పోల్చి ఆయన ఒక తేమ సూచికను తయారు చేశారు. మొదట లోటులో అరవై శాతాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. 1955లో సహచరుడు జాన్ మేథర్‌తో కలిసి ప్రచురించిన నీటి సమతుల్యం అనే గ్రంథంలో దానిని సవరించి, మిగులుకు లోటుకు సమాన ప్రాధాన్యం ఇచ్చారు. నేల నిల్వ ఎల్లెడలా ఒకటే కాదని, మట్టి స్వభావాన్ని, వేళ్ల లోతును బట్టి మారుతుందని కూడా అందులో చేర్చారు. నేల ఎండుతున్న కొద్దీ తనలోని నీటిని మరింత పిసినారితనంతో వదులుతుందన్న సత్యానికి లెక్కలో చోటిచ్చారు. లోతైన నల్లరేగడికి, పలచని ఎర్రనేలకు గల భేదం ఎరిగిన బళ్లారి వాసులకు ఈ సవరణ విలువ వేరుగా చెప్పనవసరం లేదు.

ప్రభుత్వ ఉద్యోగం వదిలిన తరువాత ఆయన చేరింది న్యూజెర్సీ రాష్ట్రంలోని సీబ్రూక్ అనే మహా వ్యవసాయ క్షేత్రం. కూరగాయలను గడ్డకట్టించి అమ్మే ఆ సంస్థకు ఒక చిక్కు ఉండేది. బఠాణీ పొలాలన్నీ ఒక్కసారే కోతకు వచ్చేవి. కూలీలు, యంత్రాలు రాత్రింబగళ్లు పనిచేసినా కొంత పంట ముదిరిపోయేది. థారన్‌త్వైట్ మొక్క పెరుగుదలను వేడిమి ఆధారంగా యూనిట్లలో కొలిచి, విత్తనం ఏ రోజున వేస్తే పంట ఏ రోజున కోతకు వస్తుందో చెప్పే శీతోష్ణస్థితి పంచాంగాన్ని తయారు చేశారు. చల్లని వసంతంలో కొన్ని రోజుల ఎడంతో చేసిన రెండు విత్తులు వేసవిలో ఒకదాని వెంట ఒకటి పండుతాయని గ్రహించి, విత్తు తేదీలను దానికి తగినట్టు సర్దించారు. చిక్కు విడిపోయింది. కర్మాగారం నుంచి వచ్చే మురుగునీటిని పక్కనున్న అడవి నేలపై చిమ్మించి, నేలనే వడపోత యంత్రంగా వాడటంలోనూ ఆయన సలహా పనిచేసింది.

ఆ క్షేత్రం సమీపంలోనే ఆయన స్థాపించిన శీతోష్ణస్థితి పరిశోధనాలయం కొన్నేళ్లు జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా, తరువాత స్వతంత్రంగా నడిచింది. ప్రపంచ వాతావరణ సంస్థ ఏర్పడిన తొలి సంవత్సరాల్లో దాని శీతోష్ణస్థితి సంఘానికి ఆయన అధ్యక్షత వహించారు. వివిధ దేశాల పరిశోధకులతో ఆ ప్రయోగశాలకు సంబంధాలు ఏర్పడ్డాయి. ఆ బంధంలో తెలుగువారికీ భాగముంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన వి.పి. సుబ్రహ్మణ్యం థారన్‌త్వైట్ పద్ధతిని భారతదేశానికి వర్తింపజేసి, దేశపు నీటి సమతుల్యం గురించి రాసిన వ్యాసాన్ని 1956లో అమెరికా భూగోళ శాస్త్రజ్ఞుల సంఘ పత్రిక ప్రచురించింది. విశాఖపట్నంలో ఆయన, ఆయన శిష్యులు ఈ పద్దు విధానంతో కరువుల తీవ్రతను, ఏటేటా మారే పొడి సరిహద్దులను అధ్యయనం చేశారు. నీటి సమతుల్యంపై సుబ్రహ్మణ్యం రాసిన గ్రంథాన్ని 1982లో ఆ విశ్వవిద్యాలయమే ప్రచురించింది.

బళ్లారి సీమలోనూ ఇదే ప్రశ్నపై పని జరుగుతూ వచ్చింది. హగరి వ్యవసాయ పరిశోధనా క్షేత్రంలో 1930ల్లోనే మెట్ట వ్యవసాయంపై ప్రయోగాలు జరిగాయి. 1954లో బళ్లారిలో నేల, నీటి పరిరక్షణ పరిశోధనా కేంద్రం ఏర్పడింది. గట్లు వేసి నల్లరేగడిలో వాన నీటిని ఎలా నిలపాలి, వాలున కొట్టుకుపోయే మట్టిని ఎలా ఆపాలి అన్నవి ఆ కేంద్రం చేపట్టిన సమస్యలు. నెలవారీ పద్దు చెప్పలేని ఒక సంగతిని ఇటువంటి కేంద్రాలే కొలవగలవు. నెల మొత్తం మీద మిగులు లేకపోయినా, గంటలో కురిసిన కుండపోత నేలలో ఇంకకముందే మట్టితో సహా పారిపోతుంది. తుంగభద్ర జలాశయం ఇందుకు సాక్షి. 1953లో నీరు నిలపడం మొదలైన నాటి 133 టీఎంసీల నిల్వ సామర్థ్యం, పూడిక చేరి సుమారు 105 టీఎంసీలకు తగ్గిపోయింది.

1957లో థారన్‌త్వైట్, మేథర్ పట్టికలతో కూడిన సూచనల గ్రంథాన్ని వెలువరించారు. గణిత యంత్రం లేని చోట కూడా కాగితం, పెన్సిలు ఉంటే ఎవరైనా తమ ఊరి పద్దు రాసుకోవడానికి అది సాయపడింది. ఆపైన ఆయన పరిశోధనాలయం మరింత పెద్ద పని చేపట్టింది. ఖండాల వారీగా ప్రపంచ వాతావరణ కేంద్రాల నీటి పద్దులను 1962 నుంచి సంపుటాలుగా ప్రచురించసాగింది. ఆ పని పూర్తి కావడం చూసే భాగ్యం ఆయనకు కలగలేదు. 1963లో, అరవై నాలుగవ ఏట ఆయన కన్నుమూశారు. చివరి సంపుటాలు ఆయన మరణానంతరం, 1965 నాటికి వెలువడ్డాయి.

తరువాతి కథ గణన యంత్రాలది. 1969లో స్యుకురో మనాబే తన ప్రపంచ వాతావరణ నమూనాలో నేలను పదిహేను సెంటీమీటర్ల నీరు పట్టే బొక్కెనగా ఊహించారు. బొక్కెన నిండితే పొర్లుతుంది, ఎండితే ఆవిరి తగ్గుతుంది. రష్యా శాస్త్రవేత్త బుదికో ఆలోచన దానికి మూలమైనా, జమాఖర్చు తర్కం థారన్‌త్వైట్ పద్దుదే. మనాబేకు 2021లో నోబెల్ బహుమతి లభించింది. 1985లో విల్‌మాట్, రో, మింట్జ్ అనే శాస్త్రజ్ఞులు థారన్‌త్వైట్ విధానాన్ని అనుసరించి భూతలమంతటికీ రుతువుల వారీ నీటి పద్దును యంత్రంపై లెక్కించారు. 1989లో వోరోస్‌మార్తి బృందం దక్షిణ అమెరికా ఖండాన్ని అర డిగ్రీ గళ్లుగా విభజించి, ఒక గడి మిగులు మరో గడి నదిలోకి చేరే తీరును చూపింది. 2002 నుంచి జంట ఉపగ్రహాలు భూమి ఆకర్షణలోని స్వల్ప మార్పులను బట్టి నేలలోని నీటి హెచ్చుతగ్గులను తూచి, ఈ నమూనాలను సరిచూడటానికి తోడ్పడుతున్నాయి.

అయితే అర డిగ్రీ గడి అంటే సుమారు యాభై అయిదు కిలోమీటర్ల పొడవు వెడల్పులు గల చతురస్రం. బళ్లారి ప్రాంతంలో అటువంటి ఒకటి రెండు గళ్లలోనే సిరుగుప్ప వరి మడులు, సండూరు కొండలు, వానను నమ్ముకున్న రేగడి చేలు అన్నీ ఇమిడిపోతాయి. కాలువ నీటితో పచ్చగా ఉన్న మడిని, పగుళ్లిచ్చిన చేనును కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఆ రెండింటిలో దేనికీ చెందదు. అందుకే ప్రపంచ నమూనాలలో సాగునీటిని, జలాశయాలను, భూగర్భ జలాన్ని వేరువేరుగా లెక్కించే పద్ధతులు క్రమంగా చేరాయి.

థారన్‌త్వైట్ సూత్రంలోని పరిమితిని కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఆయన సూత్రం వెలువడిన 1948లోనే ఇంగ్లండులో పెన్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఎండ, గాలి, తేమలను కూడా చేర్చిన మరొక సూత్రాన్ని ప్రకటించారు. పొడిగాలి వీచే మెట్ట ప్రాంతాలలో ఉష్ణోగ్రత ఒక్కటే చూసే లెక్క నిజమైన గిరాకీ కన్నా తక్కువ చూపుతుంది. 1965లో అమెరికాలో పామర్ రూపొందించిన కరువు సూచికలో థారన్‌త్వైట్ సూత్రమే వాడారు. భూమి వేడెక్కుతున్న కాలంలో అదే సూచిక వేరొక విధంగా దారి తప్పించింది. ఉష్ణోగ్రత పెరిగినంత మేరా కరువు కూడా పెరిగినట్టు అది చూపింది. పూర్తి భౌతిక సూత్రంతో లెక్కిస్తే అంతకు ముందు అరవై ఏళ్లలో ప్రపంచ కరువులో వచ్చిన మార్పు స్వల్పమేనని షెఫీల్డ్, వుడ్, రోడరిక్ 2012లో నిరూపణలు చూపారు. దానిపై శాస్త్రజ్ఞులలో వాదోపవాదాలు జరిగాయి. వర్తమాన సగటులకు తగిన సూత్రాన్ని మారుతున్న భవిష్యత్తుకు గుడ్డిగా అన్వయించరాదన్నది ఆ చర్చ మిగిల్చిన పాఠం.

ఈ విమర్శ ఆయన కీర్తిని తగ్గించేది కాదు. తన సూత్రం అనుభవంపై నిలిచినదేనని ఎరిగిన థారన్‌త్వైట్, పచ్చికతో కప్పిన మట్టి తొట్టెలను వివిధ దేశాలలో నెలకొల్పి ఆవిరి నష్టాన్ని సూటిగా కొలిపించడానికి పాటుపడ్డారు. తన లెక్కను ప్రపంచం సరిచూడాలని కోరుకున్నవారే అటువంటి పని చేయగలరు. కచ్చితమైన పరికరం చేతికి వచ్చే వరకు వేచి ఉండకుండా, ఉన్న సాధనంతో ఉపయోగకరమైన లెక్క చేయడం, ఆ లెక్కలోని దోషాన్ని తానే వెదకడం ఆయన జీవితం పొడవునా కనిపించే రెండు గుణాలు.

1953 అక్టోబరు 1న రాష్ట్రాల సరిహద్దు మారి బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో నిలిచాయి. 2021లో విజయనగర జిల్లా వేరుపడింది. వాన మాత్రం ఈ గీతలను పట్టించుకోకుండా, ఇరువైపులా ఒకే పొదుపుతో కురుస్తూ ఉంది. ఏ పాఠశాల ఆవరణలోనైనా ఒక వర్షమాపకం, ఒక ఉష్ణమాపకం, ఒక నోటు పుస్తకం ఉంటే తమ ఊరి నీటి పద్దును విద్యార్థులే రాయగలరు. పది పన్నెండేళ్ల పద్దు పోగుపడితే, ప్రపంచ నమూనాలోని గడి చెప్పే అంకె తమ నేలకు ఎంతవరకు సరిపోతుందో వారే తేల్చగలరు. ఒవాసో పట్టణపు తరగతి గదిలో పాఠాలు చెప్పి, ప్రపంచానికి నీటి లెక్క నేర్పిన ఆ ఉపాధ్యాయునికి అంతకు మించిన స్మృతిచిహ్నం వేరొకటి ఉండబోదు.